ల్యాబ్‌లోనే ఉండాలా, పేటెంట్ విభాగానికి మారాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం నుంచి ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. కొన్నేళ్లుగా జడ్చర్ల దగ్గర ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ప్రాసెస్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మా కంపెనీ పేటెంట్ విభాగంలో ఒక ఖాళీ ఉంది, వస్తావా అని అడిగారు. మా ల్యాబ్ ఇన్‌చార్జి గారు మాత్రం, 2005లో ప్రోడక్ట్ పేటెంట్లు వచ్చిన రోజే మన ఫార్మా కథ అయిపోయిందనీ, ఇప్పుడు విదేశాలతో కుదుర్చుకుంటున్న ఒప్పందాలతో మిగిలింది కూడా పోతుందనీ, అలాంటి విభాగంలో చేరి ఏం లాభమనీ అంటున్నారు. మా నాయన "కెమిస్ట్రీ చదివి కాగితాలు తిరగేసుడేంది బిడ్డా" అంటున్నాడు. అసలు ఏదో ఒక దేశం తన చట్టాన్ని మార్చుకుంటే జడ్చర్ల ల్యాబ్‌లో మా పని ఎందుకు మారాలి? నేను మారడం మంచిదేనా?

– ఒక పాఠకురాలు

సమాధానం: మారడం మంచిదేనని నా అభిప్రాయం. అయితే మీ ఇన్‌చార్జి గారి మాట ఎంతవరకు నిజమో తేల్చుకోకుండా ఆ నిర్ణయం తీసుకోకండి. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, మీరు రేపు చేయబోయే పని పుట్టింది కూడా అందులోంచే. అందువల్ల చట్టాల గురించి మీరు అడిగిన ప్రశ్ననే ముందు తీసుకుంటాను.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు మన దేశంలో బ్రిటిష్ వారు 1911లో చేసిన పేటెంట్ చట్టమే నడిచింది. ఆ చట్టం కింద మందు అణువుకే నేరుగా పేటెంట్ (ప్రోడక్ట్ పేటెంట్) దొరికేది కాబట్టి, ఏ దారిలో తయారుచేసినా పేటెంట్‌దారు అనుమతి కావలసి వచ్చేది. ఆ పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీ కంపెనీల చేతుల్లో ఉండేవి, వారు చాలావాటిని ఇక్కడ తయారీకి ఉపయోగించకుండా, ఇతరులు తయారుచేయకుండా ఆపడానికి మాత్రమే ఉపయోగించేవారు. ఈ పరిస్థితిని పరిశీలించి 1959లో జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదికే తర్వాతి చట్టానికి పునాది. రసాయన పరిశ్రమను పెంచుకోదలచిన దేశం వస్తువుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ (ప్రాసెస్ పేటెంట్) ఇవ్వడం మేలన్న వాదనకు జర్మనీ అనుభవం బలాన్నిచ్చింది. జర్మనీ 1877 నాటి తన చట్టంలో మందులకు ప్రోడక్ట్ పేటెంట్ ఇవ్వలేదు, 1968 వరకు ఇవ్వనే లేదు. జపాన్ 1976లో, స్విట్జర్లాండ్ 1977లో, ఇటలీ 1978లో ఇవ్వడం మొదలుపెట్టాయి. తమ కంపెనీలు ఒక స్థాయికి వచ్చిన తర్వాతే ఆ దేశాలు తలుపు వేసుకున్నాయన్నది మనకు పాఠాలు చెప్పేటప్పుడు వారు సాధారణంగా ప్రస్తావించని విషయం.

మన పేటెంట్ల చట్టం 1970లో ఆమోదం పొంది 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చింది. ఆహార పదార్థాలకు, మందులకు, రసాయనాలకు ప్రాసెస్ పేటెంట్ తప్ప ప్రోడక్ట్ పేటెంట్ ఉండదని దాని ఐదో సెక్షన్ చెప్పింది. మందుల ప్రాసెస్ పేటెంట్ గడువును కూడా మంజూరైన నాటి నుంచి ఐదేళ్లు లేదా దరఖాస్తు నాటి నుంచి ఏడేళ్లు, వీటిలో ఏది ముందైతే అది అని కుదించింది. అంటే ఒక అణువుకు మరో తయారీ మార్గం కనిపెట్టగలిగిన కెమిస్టు ఆ మందును చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు. మీరు రోజూ ల్యాబ్‌లో చేసే పని, అంటే తక్కువ స్టెప్పుల్లో, చవక సాల్వెంట్‌లో, ఎక్కువ దిగుబడితో అదే అణువును చేరే కొత్త రూట్ వెతకడం, ఈ దేశంలో వేలాది మందికి వృత్తిగా నిలబడింది ఆ సెక్షన్ వల్లనే. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి వంటి వారు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. ఇప్పుడు ఐఐసీటీ అని పిలుస్తున్న అప్పటి ప్రాంతీయ పరిశోధనాశాల పద్ధతులు అభివృద్ధి చేసి పరిశ్రమలకు ఇచ్చింది. ఆ పరిశ్రమలు నగరం దాటి అటు చౌటుప్పల్ వైపు, ఇటు కొత్తూరు, జడ్చర్ల వైపు విస్తరించాయి. వాటితో పాటు చౌటుప్పల్ పరిసరాల్లో బోరు నీళ్ల మీద ఫిర్యాదులు, పోలేపల్లిలో సెజ్‌కు పోయిన భూముల మీద రైతుల పోరాటం కూడా వచ్చాయి. ఏ పేటెంట్ చట్టమూ వాటి ఊసెత్తదు కాబట్టి ఆ లెక్క వేరే చట్టాల దగ్గర తేలవలసిందే.

మన దగ్గర ఈ కథను 1970తో మొదలుపెట్టి 2005తో ముగించడం అలవాటైపోయింది. మీ ఇన్‌చార్జి గారు చెప్పింది కూడా ఆ అలవాటు కథే. అందులో లోపించినది 1984. ఆ సంవత్సరం అమెరికా తన చట్టాన్ని మార్చుకుంది. హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టంగా పేరుపడిన ఆ సవరణ ప్రకారం, జనరిక్ మందు (అసలు కంపెనీ కాక ఇతరులు చేసే అదే మందు) తయారుచేసేవారు రోగుల మీద పెద్ద పరీక్షలన్నీ మళ్లీ జరపనవసరం లేదు, అసలు మందుతో సమానంగా తమ మందు ఒంటికి పడుతుందని చూపిస్తే చాలు. పేటెంట్ చెల్లదనో, తమ ఉత్పత్తి దాని పరిధిలోకి రాదనో సవాలు చేస్తూ మొదట దరఖాస్తు పెట్టినవారికి 180 రోజుల పాటు జనరిక్ పోటీ లేని మార్కెట్ దక్కుతుంది. మీ కంపెనీలో "పారా ఫోర్" అని వినిపించే మాట ఈ చట్టంలోనిదే. 2001లో డాక్టర్ రెడ్డీస్ డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌కు ఆ 180 రోజుల హక్కు పొందింది. ఒక భారతీయ కంపెనీకి అది దక్కడం అదే మొదటిసారి. అణువులు తయారుచేసే నేర్పును మనకు 1970 చట్టం ఇచ్చింది, ఆ నేర్పుకు డాలర్లలో ధర పలికే చోటును 1984 చట్టం తెరిచింది. ఢిల్లీలో చట్టం ఎంత బాగున్నా వాషింగ్టన్‌లో ఆ సవరణ జరగకపోతే జడ్చర్లలో ఇన్ని రియాక్టర్లు ఉండేవి కావని నేను నమ్ముతున్నాను.

ఇక 2005 సంగతి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటే మేధో సంపత్తి హక్కుల మీద చేసుకున్న ట్రిప్స్ ఒప్పందం అమలులోకి వచ్చింది. మందులకు ప్రోడక్ట్ పేటెంట్ ఇవ్వాలి, గడువు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లు ఉండాలి అన్నది నిబంధన. మనలాంటి దేశాలకు 2005 వరకు వెసులుబాటు ఇచ్చినా, ఆలోపు వచ్చే దరఖాస్తులను తీసుకుని భద్రపరచాలన్న షరతు పెట్టింది. మనం దానికి సరైన చట్టం చేయలేదని అమెరికా ఫిర్యాదు చేసి 1997లో గెలిచింది, ఆ తర్వాతే 1999 సవరణ వచ్చింది. 2002లో మరో సవరణ, 2004 డిసెంబరు చివరలో ఆర్డినెన్సు, 2005లో చట్టం. ఐదో సెక్షన్ అంతటితో పోయింది. ఇక్కడి వరకు మీ ఇన్‌చార్జి గారు చెప్పింది నిజం. 1995 తర్వాత కనిపెట్టిన అణువుకు ఇక్కడ పేటెంట్ ఉంటే, మీరు ఎంత కొత్త రూట్ వేసినా అది పనికిరాదు.

అయితే ఆర్డినెన్సు చట్టంగా మారే దశలో పార్లమెంటులో వామపక్షాల పట్టుదల వల్ల ఒక మార్పు జరిగింది. అదే సెక్షన్ 3(డి). తెలిసిన పదార్థానికి కొత్త రూపం, అంటే కొత్త సాల్ట్, ఎస్టర్, పాలిమార్ఫ్ (వేరే స్ఫటిక రూపం) వంటివి తెచ్చినంత మాత్రాన అది కొత్త ఆవిష్కరణ కాదు, దాని సామర్థ్యం గణనీయంగా పెరిగిందని చూపాలి. దీని బలం గ్లివెక్ కేసులో తేలింది. మీరు కెమిస్టు కాబట్టి అణువుల భాషలోనే చెబుతాను. రక్త క్యాన్సర్‌కు వాడే ఇమాటినిబ్ అనే బేస్, దాని సాల్టులు 1990లలో వచ్చిన పాత అమెరికా పేటెంట్‌లోనే ఉన్నాయి. నోవార్టిస్ 1998లో ఇక్కడ అడిగినది ఇమాటినిబ్ మెసిలేట్‌కు చెందిన బీటా స్ఫటిక రూపానికి పేటెంట్. ఆ దరఖాస్తును చెన్నై పేటెంట్ కార్యాలయం 2006 జనవరిలో తిరస్కరించింది. బీటా రూపం బాగా జారుతుంది, తేమ తక్కువ పీల్చుకుంటుంది, ఫ్రీ బేస్ కంటే ఒంటికి 30 శాతం ఎక్కువగా పడుతుంది అని కంపెనీ వాదించింది. మందు విషయంలో సామర్థ్యమంటే రోగం మీద పనిచేసే గుణమే, బాగా జారడమో తేమ పీల్చకపోవడమో కాదు, ఒంటికి ఎక్కువగా పట్టినంత మాత్రాన వైద్యపరంగా మేలు పెరిగిందని రుజువు కాదు అని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నెలకు దాదాపు లక్షా ఇరవై వేల రూపాయలు పలికిన మందు జనరిక్ రూపంలో పది వేల రూపాయల లోపు దొరకడం ఆ తిరస్కరణతో నిలబడింది. ఆ పేటెంట్‌ను వ్యతిరేకించినవారిలో కొత్తూరులో పరిశ్రమ ఉన్న నాట్కో కూడా ఒకటి. పాత పేటెంట్‌ను వాక్యం వాక్యం చదివి, ఈ సాల్టు అందులో ఇప్పటికే ఉంది అని పట్టుకున్నవారు చేసిన పని అంతా కాగితాల మీదే. మీ నాయనకు ఈ ఒక్క సంగతి చెప్పి చూడండి.

ఆ సెక్షన్ మన దేశంలోనే ఆగిపోలేదు. ఫిలిప్పీన్స్ 2008లో దాదాపు అవే మాటలను తన చట్టంలో చేర్చుకుంది. అర్జెంటీనా 2012లో పేటెంట్ పరిశీలకులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో సాల్టులు, పాలిమార్ఫుల మీద కఠినంగా వ్యవహరించింది. మరోవైపు బ్రెజిల్ 2005 దాకా ఆగే వీలున్నా 1996లోనే చట్టం చేసి ప్రోడక్ట్ పేటెంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2007లో హెచ్ఐవీ మందు ఎఫావిరెంజ్‌కు కంపల్సరీ లైసెన్సు (పేటెంట్‌దారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఇచ్చినప్పుడు, వెంటనే తయారుచేసి ఇవ్వగలిగినవారు సొంత దేశంలో లేక భారతదేశం నుంచి తెప్పించుకుంది. పదేళ్ల వ్యవధిని మనం వాడుకున్నాం, వారు వదులుకున్నారు. ఏదో దేశం చట్టం మార్చుకుంటే మీ ల్యాబ్‌కు ఏమిటని అడిగారు కదా, ఆ ఎఫావిరెంజ్ ఆర్డర్లు మన దేశపు ప్లాంట్లకే వచ్చాయి.

మన చట్టంలోనూ కంపల్సరీ లైసెన్సు ఉంది. పేటెంట్ మంజూరై మూడేళ్లు దాటాక, మందు ప్రజలకు తగినంత దొరకకపోయినా, అందుబాటు ధరలో లేకపోయినా, ఇక్కడ వినియోగంలోకి రాకపోయినా ఇతరులు లైసెన్సు అడగవచ్చు. 2012 మార్చిలో క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కు నాట్కోకు దక్కినది అలాంటిదే. నెల కోర్సు సుమారు 2,80,000 రూపాయల నుంచి 8,800 రూపాయలకు దిగింది. చాలామంది ఈ తీర్పును గొప్పగా చెప్పుకుంటారు కానీ, మన దేశంలో ఆ సెక్షన్ కింద వచ్చిన లైసెన్సు అదొక్కటే. క్యాన్సర్ మందు డాసాటినిబ్ కోసం 2013లోనూ, మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాద్‌కు చెందిన లీ ఫార్మా వేసినదాని మీద 2016లోనూ దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి. లైసెన్సు వస్తుందన్న భయంతో విదేశీ కంపెనీలు తామే ముందుకొచ్చి స్వచ్ఛంద లైసెన్సులు ఇవ్వడం మాత్రం పెరిగింది. 2014లో హెపటైటిస్-సి మందు సొఫోస్‌బువిర్‌కు గిలియాడ్ ఇచ్చిన లైసెన్సులు తీసుకున్నవారిలో హైదరాబాద్‌కు చెందిన హెటెరో ఉంది. కాకపోతే ఏయే దేశాలకు అమ్మాలో లైసెన్సు ఇచ్చినవారే గీత గీశారు, మధ్యాదాయ దేశాలు కొన్ని ఆ గీతకు అవతలే ఉండిపోయాయి.

ఇక్కడ మన ప్రాంతం గురించే ఒక మాట. 2005 తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి పుస్తకాల కంటే రెండు జాతీయ రహదారులు చూస్తే చాలు. బెంగళూరు రోడ్డులో కొత్తూరు దగ్గర పేటెంట్లను సవాలు చేయడాన్నే వ్యాపారంగా మలచుకున్న నాట్కో ఉంది. విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ దగ్గర, పేటెంట్ ఉన్న కంపెనీలతో తగవు పెట్టుకోకుండా, వారి కొత్త అణువులనే రహస్య ఒప్పందాల మీద తయారుచేసి ఇవ్వడాన్ని ప్రధాన వ్యాపారాల్లో ఒకటిగా చేసుకున్న దివీస్ ఉంది. ప్రోడక్ట్ పేటెంట్ వచ్చాక తమ ఫార్ములా ఇక్కడ భద్రంగా ఉంటుందన్న నమ్మకం విదేశీ కంపెనీలకు కలిగింది కాబట్టే రెండో తరహా పని పెరిగిందని పరిశ్రమలో చెబుతారు. ఒకే చట్టం ఒక రోడ్డు మీద కొత్త పనిని తెచ్చింది, ఇంకో రోడ్డు మీద న్యాయవాదులను తెచ్చింది. రెండు చోట్లా కెమిస్టులకు ఉద్యోగాలు దొరికాయి. కథ అయిపోయిందన్న మాటతో నేను ఏకీభవించనిది ఈ కారణంగానే.

మీ పని ఎలా మారుతుందో ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. మీరు ఒక అణువు చివరి స్టెప్పులో స్ఫటికీకరణకు ఇథనాల్ బదులు ఐసోప్రొపనాల్ వాడారనుకోండి. దిగుబడి నాలుగు శాతం పెరిగింది, ఇన్‌చార్జి సంతోషించారు. ఎక్స్‌ఆర్‌డీకి (స్ఫటిక రూపాన్ని ఎక్స్‌రేలతో గుర్తించే పరీక్షకు) పంపితే పీకులు కొద్దిగా జరిగి కనిపించాయి. ల్యాబ్‌లో అది "ఇంకో ఫామ్ వచ్చినట్టుంది" అన్న ఒక వాక్యంతో ముగుస్తుంది. పేటెంట్ విభాగంలో అక్కడే పని మొదలవుతుంది. ఫలానా టూ-తీటా విలువల (ఆ పరీక్షలో కొలిచే కోణాల) దగ్గర పీకులున్న స్ఫటిక రూపం అని అమెరికాలో ఎవరి క్లెయిమ్ అయినా ఉందా, అందులో చెప్పిన విలువలన్నీ మీ గ్రాఫులో ఉన్నాయా, ఒక్కటి లేకపోయినా బయటపడతామా, ప్లస్ ఆర్ మైనస్ 0.2 డిగ్రీలు అని రాసుకున్నారా, ఎండబెట్టేటప్పుడు మీ ఫామ్ వారి ఫామ్‌గా మారిపోతోందా? క్లెయిమ్ అంటే పట్టా కాగితంలో నాలుగు వైపుల హద్దుల వంటిది. వర్ణన ఎన్ని పేజీలున్నా తగవు వచ్చినప్పుడు కొలిచేది ఆ హద్దులనే. ఆ హద్దులను కొలవాలంటే చట్టం చదివినవాడి కంటే, ఆ స్ఫటికాన్ని చేత్తో ఫిల్టర్ చేసినవారు ఎక్కువ పనికొస్తారు.

మీకు ప్రత్యేకంగా ఉపయోగపడే మరో అమెరికా సవరణ 1988 నాటిది. అక్కడ పేటెంట్ ఉన్న పద్ధతితో వేరే దేశంలో తయారుచేసిన వస్తువును అమెరికాకు దిగుమతి చేస్తే, అది కూడా ఉల్లంఘన కిందికే వస్తుంది. ఈ పద్ధతికి ఇండియాలో పేటెంట్ లేదు కదా అన్న ధీమా మన ల్యాబుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. సరుకు ఇక్కడే అమ్ముకుంటే ఆ ధీమా సరైనదే, న్యూజెర్సీకి పంపితే సరిపోదు. అప్పుడు అక్కడి కోర్టులో వాది తరఫు న్యాయవాదులు మీ బ్యాచ్ రికార్డులు, డ్రగ్ మాస్టర్ ఫైల్ (తయారీ వివరాలతో ఔషధ నియంత్రణ సంస్థకు ఇచ్చే ఫైలు), మీరు సంతకం పెట్టిన ల్యాబ్ నోట్‌బుక్ కూడా తెప్పించుకుని చదవగలరు. పోలేపల్లిలో తేదీ వేయకుండా వదిలేసిన ఒక పేజీ అక్కడ ప్రశ్నగా మారగలదు.

చట్టం వెసులుబాటు ఇచ్చే చోట్లు కూడా ఇలాగే సెక్షన్లలో దాగి ఉంటాయి. పేటెంట్ బతికి ఉండగానే, మందుకు అనుమతి కోసం ప్రభుత్వానికి సమర్పించవలసిన సమాచారం తయారుచేయడానికి కావలసినంత సరుకు చేసుకోవచ్చని మన 107ఏ సెక్షన్ చెబుతుంది. అలాంటి సరుకును విదేశాలకు పంపడం కూడా అందులోకే వస్తుందని ఢిల్లీ హైకోర్టు 2019లో చెప్పింది. పేటెంట్ ముగిసిన మర్నాడే మార్కెట్‌లో ఉండాలనుకునే కంపెనీకి ఇది ప్రాణం. అదే 2019లో యూరప్ మరో పని చేసింది. పేటెంట్ తర్వాత వచ్చే అదనపు రక్షణ కాలంలో కూడా, ఎగుమతి కోసమైతే తమ గడ్డ మీద జనరిక్ తయారుచేసుకోవచ్చని తన కంపెనీలకు అనుమతినిచ్చింది. అంతకుముందు ఆ కాలంలో తయారీ యూరప్ బయట, మనలాంటి చోట్లే జరగవలసి వచ్చేది. ఆ సవరణ ఉద్దేశాల్లో మన వంటి దేశాలకు పోయిన పనిని వెనక్కి రప్పించుకోవడం కూడా ఒకటి. చైనా 2021 నుంచి పేటెంట్ గడువు పొడిగింపును ప్రవేశపెట్టింది. బ్రెజిల్ సుప్రీంకోర్టు అదే ఏడాది తమ చట్టంలోని అలాంటి పొడిగింపును కొట్టివేసింది. ఒక తలుపు మూసుకున్న ఏడే మరో తలుపు తెరుచుకుంది. మీ కంపెనీ ఏ మార్కెట్‌కు ఏ సంవత్సరం సరుకు సిద్ధం చేయాలో ఇవన్నీ కలిసి నిర్ణయిస్తాయి, ఆ క్యాలెండర్ వేసేది పేటెంట్ విభాగమే.

ఒప్పందాల భయం గురించి. ఈ భయం పూర్తిగా నిరాధారం కాదు. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం మందుల అందుబాటుకు స్వచ్ఛంద పద్ధతులే మేలైన మార్గమని ఒక మాట పెట్టింది. రేపు ఎవరైనా కంపల్సరీ లైసెన్సు అడిగితే ఎదుటివారు ఆ మాటను చూపిస్తారు. కానీ లైసెన్సు ఇచ్చే సెక్షన్ చట్టంలో అలాగే ఉంది. అసలు అడగవలసిన ప్రశ్న డేటా ఎక్స్‌క్లూజివిటీ గురించి. అసలు కంపెనీ ఇచ్చిన పరీక్షల సమాచారం మీద ఆధారపడి జనరిక్‌కు అనుమతి ఇవ్వకూడదని కొన్నేళ్లు నిషేధిస్తే, పేటెంట్ లేని మందుకు కూడా పేటెంట్ ఉన్నంత పని అవుతుంది. యూరోపియన్ దేశాలు ఏళ్ల తరబడి దీన్ని అడుగుతున్నాయి, మనం ఇప్పటివరకు ఒప్పుకోలేదు. ఒప్పందాల వార్త వచ్చినప్పుడల్లా మీరు మొదట చూడవలసింది ఆ రెండు పదాల కోసమే.

వార్తలకెక్కని మార్పుల మీద నాకు ఇంకా ఎక్కువ అనుమానం. 2024 మార్చిలో పేటెంట్ నిబంధనలను సవరించారు. పార్లమెంటులో చర్చ అవసరం లేని నోటిఫికేషన్‌తో రెండు మార్పులు వచ్చాయి. పేటెంట్‌ను దేశంలో వాడుతున్నారో లేదో చెప్పే వివరాలను ఏటా ఇవ్వవలసిన చోట మూడేళ్లకొకసారి ఇస్తే చాలన్నారు. మంజూరుకు ముందే అభ్యంతరం చెప్పేవారి దరఖాస్తు విచారణకు అర్హమో కాదో పేటెంట్ల కంట్రోలర్ ముందుగా తేల్చాలన్నారు, దానికి రుసుము కూడా పెట్టారు. పైకి ఇవి చిన్న మార్పులు. కానీ 2023 మార్చిలో క్షయ మందు బెడాక్విలిన్ సాల్ట్ రూపం మీద రెండో పేటెంట్ రాకుండా ఆగిపోయింది, ఆ అభ్యంతరం చెప్పినవారిలో క్షయ నుంచి కోలుకున్న ఇద్దరు మహిళలున్నారు, ఒకరు మన దేశస్థురాలు, మరొకరు దక్షిణాఫ్రికా వారు. ఆ దారిలో గేటు పెట్టడం తేలికపాటి విషయం కాదని నేను అనుకుంటాను.

ఇప్పుడు మీ ఉద్యోగం. పేటెంట్ విభాగాల్లో రెండు రకాల పనులుంటాయి. ఒకటి, రోజంతా డేటాబేసుల్లో వెతికి పట్టికలు నింపడం. రెండోది, ల్యాబ్ వాళ్లతో కూర్చుని ఈ రూట్ వద్దు, ఈ రూట్‌లో ఈ ఇంటర్మీడియట్ దగ్గర పక్కకు జరుగుదాం అని తేల్చడం, అభిప్రాయ నివేదికలు, దరఖాస్తులు రాయడం. మొదటి పనిలో ఏళ్లు గడిపితే మీ నాయన మాటే నిజమవుతుంది. అందువల్ల చేరే ముందే అడగండి. ప్రాజెక్టు సమావేశాలకు మిమ్మల్ని పిలుస్తారా, నాన్-ఇన్‌ఫ్రింజ్‌మెంట్ (ఉల్లంఘన లేదని చూపే) నివేదికల ముసాయిదా మీ చేత రాయిస్తారా, ఏడాది తర్వాత నచ్చకపోతే తిరిగి ల్యాబ్‌కు రావచ్చా? చాలా కంపెనీల్లో ఈ విభాగం ప్లాంటులో కాకుండా హైదరాబాద్‌లో ఉంటుంది కాబట్టి, రోజూ జడ్చర్ల నుంచి వెళ్లి రావాలా, అక్కడే గది తీసుకోవాలా, ఆ ఖర్చుకు సరిపడా జీతం పెంచుతారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. ఇవన్నీ మాటగా కాకుండా మెయిల్‌లో ఉండేటట్టు చూసుకోండి.

చదువు విషయంలో తొందరపడి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవద్దు. పేటెంట్ ఏజెంట్‌గా నమోదు కావడానికి న్యాయశాస్త్ర పట్టా అవసరం లేదు, 21 ఏళ్లు నిండిన భారత పౌరులై ఉండి, సైన్స్ డిగ్రీ ఉండి, పేటెంట్ కార్యాలయం నిర్వహించే పరీక్ష పాసైతే చాలు. రెండు పేపర్లు, ఒక మౌఖిక పరీక్ష ఉంటాయి, మొత్తం మీద 60 శాతం మార్కులు కావాలి. ఆ పరీక్ష ఏటా క్రమం తప్పకుండా జరగదు కాబట్టి ప్రకటన వచ్చినప్పుడు సిద్ధంగా ఉండాలి. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో పేటెంట్ చట్టం మీద పీజీ డిప్లొమా ఇస్తుంది, ఉద్యోగం చేస్తూనే చదవవచ్చు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ నడిపే ప్రాథమిక ఆన్‌లైన్ కోర్సు ఉచితం, ముందు దానితో మొదలుపెట్టి మీకు ఆసక్తి నిలుస్తుందో లేదో చూసుకోండి. ఆలోపు, మీరే పనిచేసిన ఒక అణువును తీసుకుని, పేటెంట్‌స్కోప్, ఎస్పాస్‌నెట్ వంటి ఉచిత పేటెంట్ వెబ్‌సైట్లలో దాని పేటెంట్లన్నీ వెతికి, ఒక్కో స్వతంత్ర క్లెయిమ్‌ను మీ ల్యాబ్ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి. ఆ పని మీకు విసుగు పుట్టిస్తే మారవద్దు, ల్యాబ్‌లోనే మీకు మంచి భవిష్యత్తు ఉంది. రాత్రి భోజనం ఆలస్యమైనా లేవబుద్ధి కాకపోతే కంపెనీకి సరేనని చెప్పేయండి. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. కంపెనీ బయటపెట్టని అణువుల పేర్లు, నిర్మాణాలు ఇంటి నుంచి ఉచిత వెబ్‌సైట్లలో టైపు చేయకండి, గడువు ముగిసిన పాత మందునే సాధనకు ఎంచుకోండి.